కాటుకమ్మ ఎంగిలి

కొండ కింద పాకలపల్లెలో నీళ్లకు రెండే పేర్లుండేవి. పైనుంచి వచ్చేవి దొన నీళ్లు, కిందికి పోయేవి కంపు నీళ్లు. ఆ రెంటికీ మధ్యన ఊరుండేది.

దొన అంటే కొండరాతిలో ఏనాడో తొలుచుకున్న గుంట. అందులో ఊరిన నీరు సన్నటి కాలువై పాకల మధ్యకు దిగేది. ఊళ్లో జంతువులన్నీ ఆ కాలువలోనే ఒళ్లు కడుక్కునేవి, పిల్లల్ని తోముకునేవి, పేడా బురదా అందులోకే తోసేవి. ఊరు దాటేసరికి ఆ నీరు నల్లగా, చిక్కగా తయారై పల్లంలోకి పోయి మురిగేది. అటు వెళ్లాల్సి వస్తే అందరూ ఊపిరి బిగబట్టి పరుగు తీసేవారు. ఆ కంపు తమదేనన్న సంగతి మాత్రం పరుగులో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఆ ఊళ్లో కాటుకమ్మ అనే చూడిగేదె ఉండేది. ఒట్టి నిదానం. ఏదైనా అడిగితే ముందు నెమరు వేసి, ఆ తర్వాత జవాబు చెప్పేది. ఈలోగా అడిగినవాళ్లు ఇంటికెళ్లి నాలుగు పరకలు మేసి కూడా రావచ్చు. అందుకని ఆమెకు బుర్ర కాస్త తక్కువని ఊళ్లో చెప్పుకునేవారు. ఆమె ఆ మాటను కాదనలేదు. కాదనడానికి కూడా చాలాసేపు పట్టేది మరి.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. దొనలో నీరు దిగిపోయి, పాత మట్టం రాతి మీద తెల్లటి చారగా మిగిలింది. ఊరి పెద్దలైన ఎడ్లు సభ పెట్టి గట్టిగా చెప్పేశాయి: దొన నీళ్లు ఇక తాగడానికే, పచ్చికకు ఒక్క చుక్క కూడా వదలం.

కాటుకమ్మ నెమరు వేసి, వేసి, "మరి నా గడ్డో?" అంది. అప్పటికి సభ ముగిసి అందరూ వెళ్లిపోయారు.

ఆ గడ్డి ఆమెకు ఊరికే కావలసింది కాదు. వానలు పడేలోపే ఆమె ఈనాలి. పోయినేడు ఎండుగడ్డి మేసి ఈనితే పొదుగులో పాలు దిగలేదు. దూడ లేవలేక లేవలేక, ఒకనాటికి లేవడం మానేసింది. ఆ దుఃఖం కాటుకమ్మ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, దూడ పోయిన ఆ మూల పాకవైపు ఇప్పటికీ తల తిప్పేది కాదు. ఈసారి కూడా అలాగే అవుతుందేమోనని ఆమెకు చచ్చేంత భయంగా ఉంది.

ఖాళీ అయిన సభలో ఇంకొకరు మిగిలి ఉన్నారు. కూర్మయ్య తాత. ఆయన తాబేలు. సభ మొదలైనప్పుడు ఒక మాట చెబుదామని బయలుదేరి, సభ ముగిశాక చేరుకున్నాడు. ఏటా వేసవిలో ఆయన ఆ మాట ఎత్తుతాడు. పూర్తయ్యేదాకా కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. కాటుకమ్మకు మాత్రం ఉంది.

"నీళ్లు లేవని ఎవరన్నారమ్మా?" అన్నాడు కూర్మయ్య. "నీళ్లన్నీ పల్లంలోనే ఉన్నాయి."

"అవి కంపు నీళ్లు కదా తాతా."

"కంపు వేరు, నీళ్లు వేరు. రెండూ కలిసి ఉన్నాయి, అంతే. విడదీస్తే సరి. పల్లంలో మూడు గుంటలు తవ్వాలి, ఒకదాని కింద ఒకటి. మొదటి గుంటలో నీరు కదలకుండా నిలవాలి. బరువున్న మడ్డి అంతా దానంతటదే అడుక్కి దిగుతుంది."

"ఊఁ."

"పైనున్న నీరు రెండో గుంటలోకి పొర్లుతుంది. అక్కడ తుంగ, జమ్ము నాటాలి. వేళ్లకు పట్టి కంటికి కనపడని పురుగులుంటాయి. మనకు మురికి అయినది వాటికి విందు. అయితే వాటికీ గాలి ఆడాలి కదా, అందుకని బాతులు ఆ నీటిని కాళ్లతో చిలుకుతూ ఉండాలి. మూడో గుంట నిండా గులకరాళ్లు, ఇసుక. అందులోంచి వడిసి వచ్చే నీరు తేటగా ఉంటుంది. తాగేందుకు కాదు, గుర్తుంచుకో. పచ్చికకు, పొర్లాడడానికి, పాకలు కడగడానికి."

కాటుకమ్మ చాలాసేపు నెమరు వేసింది. "తాతా, ఇదంతా ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నావా?"

"చెబుతూనే ఉన్నాను. రెండో గుంట దగ్గరకొచ్చేసరికి అందరూ లేచిపోతారు."

కాటుకమ్మ నేరుగా వరాలు దగ్గరకు వెళ్లింది. వరాలు పంది. తవ్వడమంటే అతనికి తిండి తినడంతో సమానం. "అక్కా, నువ్వడగాలా!" అని మూతి నేలకు ఆనించాడు. గుంట వెనక గుంట పడింది. బాతులకు ఈదే పని అనగానే బిలబిలమంటూ దిగాయి. చూస్తుండగానే రెండు గుంటలు నిండాయి. రెండో గుంట పక్కన నిలబడి జనం మామూలుగా ఊపిరి పీల్చడం మొదలుపెట్టారు. పీలుస్తున్నామని వాళ్లకే ఆశ్చర్యం వేసింది.

సరిగ్గా అప్పుడే జంబయ్య దిగాడు.

జంబయ్య నక్క. కాపురం కొండ అవతల. అటువైపు నేలలో చెమ్మ ఉంది, పచ్చిక ఉంది గానీ తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు. అందుకని వేసవంతా పాకలపల్లె దొనకే వచ్చేవాడు. దొన దగ్గర ఎవరూ ఎవరినీ కరవకూడదని కట్టుబాటు. అతను దాన్ని పాటించేవాడు, మహా మర్యాదగా. పోయిన వేసవిలో చుక్కి అనే మేక తన రెండు పిల్లలతో పచ్చిక కోసం అతని వెంట అటు వెళ్లింది. తిరిగి ఒక్కతే వచ్చింది. "పిల్లలు తప్పిపోయాయి. జంబయ్య బావ ఎంత వెతికాడో, పాపం" అని చెప్పింది. ఆ వెతికిన బావ ఆ వారంలో కాస్త ఒళ్లు చేశాడని ఊరు గమనించలేదు. కాటుకమ్మ గమనించింది గానీ, చెప్పేలోగా మాట మారిపోయింది.

"ఏం వదినా, ఈ ఎండలో ఈ మురుగు దగ్గర ఏం పని?" అన్నాడు జంబయ్య. "నెలలు నిండినదానివి. మావైపు రా. మోకాలెత్తు పచ్చిక. నీడ. ప్రశాంతంగా ఈనవచ్చు. చూసుకోవడానికి నేను లేనూ?"

"ఇక్కడే గడ్డి మొలుస్తుందట మరిదీ, ఈ నీళ్లతో."

జంబయ్య గుంటల వైపు చూశాడు. అతని తోక ఊగడం ఆగింది. మరుక్షణం ముక్కు మీద కాలు వేసుకుని వెనక్కి గెంతాడు.

"ఛీ ఛీ! ఎంగిలి!"

"అంటే?" అన్నాయి బాతులు. ఆ మాట పాకలపల్లెలో అంతకుముందు ఎవరూ విని ఉండలేదు.

"తెలియదూ? మనుషుల పెరట్లో విన్నాను. ఒకరి నోరు తగిలింది ఇంకొకరు ముట్టరు. అది ఎంగిలి. గొప్ప కుటుంబాల పద్ధతి. ఈ నీళ్లు ఊరందరూ నోళ్లు పుక్కిలించినవి, ఒళ్లు కడుక్కున్నవి. వరాలు పొర్లినవి కూడా! వీటితో పెరిగిన గడ్డి తింటారా? మీ ఇష్టంలెండి, నాకెందుకు?"

చెట్టు మీద ధవళయ్య కొంగ వింటున్నాడు. ఆయన తెల్లగా ఉంటాడు, ఒంటికాలి మీద నిలబడతాడు, కళ్లు సగం మూస్తాడు. ఈ మూడింటి వల్ల ఊళ్లో ఆయనకు పెద్దమనిషని పేరు. "ఎంగిలి!" అని ఒకసారి పలికి చూసుకున్నాడు. నోటికి ఇంపుగా ఉంది. "నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను, ఏదో లోపం ఉందని. దానికి పేరు దొరకలేదు అంతే."

ఆ మరునాటికల్లా ఊరంతటికీ ఎంగిలి పట్టుకుంది. ఒక బాతు కొరికిన ఆకు ఇంకో బాతు ముట్టలేదు. లేగలు తల్లుల నోటి దగ్గర గడ్డి లాక్కోవడం మానేశాయి. ధవళయ్య కాలువగట్టు మీద నడిచేవాళ్ల మూతులు పరీక్షగా చూస్తూ నిలబడ్డాడు. గుంటల పని ఆగిపోయింది. పచ్చిక పసుపుపచ్చగా మారింది.

వరాలు మూడో గుంటలో సగం తవ్వి కూర్చుండిపోయాడు. "అక్కా, వాళ్ల బాధ ఎంగిలి కాదు. నేను పొర్లిన నీళ్లని. ఇన్నాళ్లూ ఒకే కాలువలో ఒళ్లు కడుక్కున్నాం. ఒక్క మాట వచ్చేసరికి నేను వేరైపోయాను" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కాటుకమ్మకు ఒళ్లు మండింది. గేదెకు ఒళ్లు మండడం అరుదు. మండితే ఆరడానికి చాలా రోజులు పడుతుంది.

జంబయ్య రోజూ వచ్చి, "ఏం నిర్ణయించుకున్నావు వదినా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఒకసారి కాటుకమ్మ కొండ కనుమ దాకా వెళ్లి అవతలికి తొంగి చూసింది కూడా. పచ్చిక నిజంగానే నవనవలాడుతోంది. గాలికి వాసన తగిలి కడుపులో దూడ కదిలింది. ఆమె కాళ్లు ముందుకు పడబోయాయి. చుక్కి తిరిగొచ్చిన సాయంత్రం గుర్తొచ్చి, బలవంతాన వెనక్కి మళ్లింది.

దాహం వేసి దొనకు వెళ్లింది. మూతి నీళ్లలో పెట్టి తాగుతోంది. ఎదురుగా ధవళయ్య ముక్కు నీళ్లలో ఉంది. పక్కన ఎడ్ల మూతులు నీళ్లలో ఉన్నాయి. ఆ గట్టున జంబయ్య నాలుక నీళ్లలో ఉంది. కాటుకమ్మ తాగడం ఆపి చూసింది. అటూ ఇటూ చూసింది. తర్వాత మెల్లగా నెమరు వేయడం మొదలుపెట్టి, పొద్దు వాలేదాకా వేసింది.

మరునాడు సభలో ఆమె లేచి నిలబడింది. "పెద్దలారా, జంబయ్య మరిది చెప్పిందే నిజం. ఎంగిలి పాపం. ఊరికే నోటితో అనుకుంటే చాలదు, కట్టుబాటు చేయండి. మాటరాయి మీద కాలు పెట్టి అందరం ప్రమాణం చేద్దాం. ఈ మాట ముందు తెచ్చినవాడు మరిదే కాబట్టి అతనితోనే మొదలుపెడదాం."

ఊరు ఆశ్చర్యపోయింది. వరాలు నోరు తెరిచి చూశాడు. మాటరాయి దొన పక్కన ఉంటుంది. దాని మీద కాలు పెట్టి చెప్పిన మాట తప్పినవాళ్లకు దొన నీళ్లు బంద్. కాదంటే ఎడ్ల కొమ్ములు ఉండనే ఉన్నాయి.

జంబయ్య ఉబ్బిపోయాడు. ఒక నక్కను ఊరు పెద్దరికానికి పిలవడం ఆ వంశంలోనే లేదు. రాయి మీద కాలు పెట్టి, గొంతు సవరించుకుని, "ఒకరి నోరు తగిలింది ఏదైనా సరే, ఇంకొకరు ముట్టరాదు. ముడితే నాకు ఈ దొన నీళ్లు దక్కవద్దు" అన్నాడు.

"ఏదైనా?" అంది కాటుకమ్మ.

"ఏదైనా!"

అందరూ వరసగా ప్రమాణం చేశారు. ధవళయ్య రెండుసార్లు చేశాడు.

మర్నాడు తెల్లవారుతూనే కాటుకమ్మ అందరికంటే ముందు దొన చేరి, మూతి ముంచి కడుపారా తాగి, గట్టున చతికిలబడింది. తాగడానికి వచ్చినవాళ్లను చూసి, "అయ్యో, ఇప్పుడే నోరు పెట్టాను. దొనంతా నా ఎంగిలే" అంది, మహా నొచ్చుకుంటూ.

ఎడ్లు ఆగిపోయాయి. బాతులు ఆగిపోయాయి. ఎండ ఎక్కింది. రాళ్లు కాలుతున్నాయి. నీళ్లు కళ్లముందు మెరుస్తున్నాయి. ధవళయ్య రెండో కాలు కూడా దించాడు. జంబయ్య నాలుక గడ్డం దాటి వేలాడింది.

"వదినా, తెలియక చేసినట్టున్నావు..."

"తెలిసే తాగాను మరిదీ. నోరు పెట్టకుండా ఎలా తాగను? నాకు చేతులు లేవు. నీకున్నాయా?"

ఊరు ఊరంతా తల వంచి కాళ్లు చూసుకుంది. గిట్టలు, పంజాలు, గోళ్లు, అతుక్కుపోయిన వేళ్లు. ముందు వరాలు నవ్వాడు. తర్వాత బాతులు. ఎడ్లు కూడా నవ్వాయి గానీ, వాటికి దాహం ఎక్కువైంది. పెద్ద ఎద్దు కొమ్ములు ఆడించి, "జంబయ్యా, తెచ్చినవాడివి నువ్వు. దీనికి నువ్వే దారి చూపించు" అన్నాడు.

జంబయ్య గుటక వేశాడు. మింగడానికి నోట్లో తడి లేదు. "నీళ్ల సంగతి వేరు. నీళ్లకు ఎంగిలి లేదు" అన్నాడు.

"రాయి మీద కాలు పెట్టి చెప్పు. తాగే నీళ్లకేనా, ఒళ్లు కడిగిన నీళ్లకు కూడానా?" అంది కాటుకమ్మ.

"ఏ నీళ్లకూ లేదు తల్లీ! నన్ను తాగనీ!"

"మరి తక్కినవాటికి?"

అందరూ చూస్తున్నారు. పెద్దరికం వచ్చి ఒక్క రోజే అయింది, పూర్తిగా వదులుకోవడానికి అతనికి మనసొప్పలేదు. రాయి మీద కాలు ఇంకాస్త గట్టిగా నొక్కి, "తక్కినవాటికి ఉంది! నీళ్లు తప్ప, నోరు తగిలింది ఏదైనా ఎంగిలే!" అన్నాడు.

"సరే అయితే" అని కాటుకమ్మ పక్కకు జరిగింది.

ఆ సాయంత్రమే వరాలు మూడో గుంట తవ్వేశాడు. ఎడ్లు ఇసుక లాగి పోశాయి. కొద్దిరోజులకు మూడో గుంట అంచున నీరు సన్నగా, తేటగా జారింది. ఆ నీరు గడ్డిలోకి పారుతుంటే కాటుకమ్మ పక్కనే నడుస్తూ, అది తడిపిన ప్రతి దుబ్బునూ చూసుకుంది. మొదటి గుంట అడుగున దిగిన మడ్డిని ఎండబెట్టి పచ్చికకే ఎరువు వేయించాడు కూర్మయ్య. ఏ నీరు దేనికో ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పాడు, ఈసారి చివరిదాకా. దొన తాగడానికి. మూడో గుంట గడ్డికి, పొర్లాడడానికి. దొనలో మట్టం దిగడం ఆగింది. పల్లంలో పచ్చిక లేచింది. కాటుకమ్మ పొదుగు బరువెక్కింది.

ఇంకో వింత జరిగింది. ముక్కు మూసుకుని పరుగెత్తిన చోటికే ఇప్పుడు ఊరంతా పగలంతా చేరుతోంది. వరాలుకు బురదమడుగు ఉంది, బాతులకు ఈత ఉంది. రెండో గుంటలోకి చిన్న చేపలు చేరాయి. వాటి మీద కన్నేసి ధవళయ్య జమ్ములో ఒంటికాలి మీద నిలబడ్డాడు. అడిగినవాళ్లకు, "ఈ గుంటల సలహా మొదట నాదే" అని చెబుతున్నాడు.

ఒక పగటిపూట కాటుకమ్మ ఆ పచ్చికలోనే ఈనింది. పెయ్యదూడ. నల్లగా, తడితడిగా, పొడుగు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తన్నుకుంటోంది. కాటుకమ్మ నాకడం మొదలుపెట్టింది. నుదురు, చెవులు, వీపు, పొట్ట, తోక, నాలుగు గిట్టలు. నాకుతుంటే ఆమె కళ్లు కారాయి.

గడ్డి కదిలింది. జంబయ్య తల బయటికొచ్చింది.

"శుభం వదినా, శుభం. పండంటి బిడ్డ" అన్నాడు. ఈసారి అతని గొంతులో మర్యాద తక్కువగా ఉంది, ఆకలి ఎక్కువగా ఉంది. ఇది దొన కాదు, కరవకూడదన్న కట్టుబాటు ఇక్కడికి రాదు.

కాటుకమ్మ లేవబోయింది. ఈనిన కాళ్లు లేవలేదు. అయినా గొంతు మాత్రం ఎప్పటిలాగే నిదానంగా వచ్చింది.

"ఆగు మరిదీ. ముట్టుకోకు. ఎంగిలి."

"ఏంటి?"

"తలనుంచి తోకదాకా నాకాను. చెవి వెనక కూడా వదల్లేదు. నోరు తగిలింది ఏదైనా అన్నావు. రాయి మీద కాలు పెట్టి రెండుసార్లు అన్నావు."

జంబయ్య పళ్లు బయటపెట్టి నవ్వాడు. "చూసేవాళ్లు ఎవరున్నారిక్కడ? ఈ మురుగుపల్లంలోకి ఎవరొస్తారు?"

జమ్ములోంచి తెల్లటి మెడ ఒకటి నిటారుగా లేచింది. ధవళయ్యకు దూడ మీద అంత ప్రేమేం లేదు గానీ, ఎంగిలి మీద మాత్రం ప్రాణం. "ఎంగిలి! ఎంగిలి ముట్టబోతున్నాడహో!" అని ఆయన కొండ మారుమోగేలా అరిచాడు. బాతులు రెక్కలు కొట్టి ఊరు లేపాయి. మడుగులోంచి వరాలు బురదతో సహా లేచి వచ్చి దూడకు అడ్డంగా నిలబడ్డాడు. గట్టు మీద ఎడ్ల కొమ్ములు వరసగా కనబడ్డాయి. వాటి వెనకాల, అందరికంటే ఆలస్యంగా బయలుదేరినా వచ్చింది చుక్కి. జంబయ్య కళ్లలోకి చూస్తూ నిలబడింది. అతను అందరి చూపులూ తట్టుకున్నాడు గానీ ఆ చూపు తట్టుకోలేకపోయాడు.

"ముడితే ముట్టు జంబయ్యా" అన్నాడు పెద్ద ఎద్దు. "ఇవాళ్టితో దొన మరిచిపో. వానలు రావడానికి ఇంకా చాలా రోజులున్నాయి."

జంబయ్య దూడను చూశాడు. కొండ మీద దొన వైపు చూశాడు. ఎండిన నాలుకతో మూతి తడుపుకోబోయి, ఎందుకో అదీ మానేశాడు. తోక కాళ్ల మధ్య పెట్టుకుని కనుమ వైపు నడిచాడు. పులి వదిలిన బొమికలు తిని బతికే జాతి అతనిది. అవి కూడా ఇంకొకరి నోరు తగిలినవేనని దారిలో ఎక్కడో గుర్తొచ్చినట్టుంది, నడుస్తున్నవాడల్లా ఒక్కసారి ఆగిపోయాడు.

పెయ్య అప్పటికి కాళ్లు ఎక్కడ పెట్టాలో నేర్చుకుని, తూలుతూ లేచి, పొదుగు వెతుక్కుంది. పాలు చేపుకొచ్చాయి. దాని మూతి అంచుల నురగ కారింది. కాటుకమ్మ కళ్లు మూసుకుని నెమరు వేయసాగింది. ఈసారి ఆమెను తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు.

నీతి: వాడేసిన నీళ్లను మళ్లీ తేటపరచుకోవచ్చు గానీ, వాడేసిన మాటను మింగక తప్పదు.